ప్రకటన దిగింది, పెత్తనం దిగలేదు

(మండల కేంద్రంలోని అంబేద్కర్ భవనంలో యువజనుల అధ్యయన తరగతిలో చేసిన ప్రసంగ పాఠం)



ఈ తరగతిలో మాకు అప్పగించిన అంశం సోషల్ మీడియా, కొనుగోలుదారులు, కంపెనీల బాధ్యత. ఇదేదో పట్నం వాళ్ల గొడవ, ఇంగ్లీషు పేపర్లో వ్యాపారం పేజీలో వుండాల్సిన గొడవ, మన వాడకేం పని అని మీకు అనిపించొచ్చు. పని వుంది. ఇవాళ మన ఇంట్లో సబ్బు కంపెనీది. షాంపూ ప్యాకెట్టు కంపెనీది. చేతిలో ఫోను కంపెనీది, దానికి నెలనెలా వేయించే రీచార్జి కంపెనీది. మా బడిలో చదివి వెళ్లిన పిల్లలు హైదరాబాద్ లో, విజయవాడలో వీపున పెట్టె తగిలించుకుని, బండి మీద ఇంటింటికీ అన్నం మోస్తున్నారు. ఆ పెట్టె మీద పేరూ కంపెనీదే. కొనేవాళ్లలో మనం వున్నాం. మోసేవాళ్లలో అంతకన్నా ఎక్కువ వున్నాం. కాబట్టి ఈ లెక్క మనమూ చూసుకోవాలి.

ముందు ఒక మాట. వినియోగదారుడే దేవుడు అని కొట్లో బోర్డు కడతారు. ఆ దేవుడి కులమేంటో అడిగి, లోపలికి రమ్మనాలో అరుగు కింద నిలబెట్టాలో తేల్చుకున్న దేశం మనది. మన తాతలు డబ్బులు నేల మీద పెడితే నీళ్లు చల్లి తీసుకున్న రోజులున్నాయి. సరుకు చేతికివ్వకుండా విసిరేసిన రోజులున్నాయి. టీ కొట్లో మనకి వేరే గ్లాసు. 1927 మార్చిలో బాబాసాహెబ్ మహద్ చెరువు నీళ్లు తాగింది దాహం తీరక కాదు, అందరిలాగే వాడుకునే హక్కు మనకీ వుందని చెప్పడానికి. అందుకే రాజ్యాంగం 15వ అధికరణంలో అంగళ్లు, హోటళ్లు, బావులు, చెరువులు, రోడ్లు అని పేరుపేరునా రాసి, కులం పేరుతో వీటిలోకి ఎవర్నీ ఆపగూడదని చెప్పాల్సి వచ్చింది. మిగతావాళ్లకి కొనుక్కోవడం అలవాటు. మనకి అది పోరాడి తెచ్చుకున్న హక్కు.

బహిష్కరణ అనేదీ మనకి కొత్త కాదు. కాకపోతే ఇన్నాళ్లూ అది మన మీద వాడిన ఆయుధం. 1991 ఆగస్టు 6న చుండూరులో మనవాళ్లని నరికి చంపడానికి ముందు జరిగింది ఏమిటి? సాంఘిక బహిష్కారం. పనులకి పిలవొద్దన్నారు. ముందు కడుపు మాడ్చారు, తర్వాత కత్తి ఎత్తారు. 1989 నాటి అత్యాచారాల నిరోధక చట్టానికి చేసిన సవరణ 2016 జనవరి 26 నుంచి అమల్లోకి వచ్చింది. సాంఘిక, ఆర్థిక బహిష్కరణ విధించడమూ, విధిస్తామని బెదిరించడమూ నేరమేనని అందులో స్పష్టంగా రాశారు. ఆ వాక్యం వెనక చుండూరు లాంటి ఊళ్లు ఎన్నో వున్నాయి.

ఇప్పుడు ఫోను వచ్చాక ఆ ఆయుధం పిడి కొంచెం మన చేతికీ అందింది. నీ సరుకు కొనం, నీ యాప్ తీసేస్తాం అని నలుగురూ ఒకేసారి అంటే కంపెనీ ఉలిక్కిపడుతోంది. ఇది నిజం. కానీ ఉలిక్కిపడి ఏం మార్చుకుంటోంది, ఏం మార్చుకోవడం లేదు? ఇవాళ్టి మా మాటంతా దీని గురించే.

రెండు సంఘటనలు చూద్దాం. రెండూ ఒకే కంపెనీవి.

2023 జూన్ 5, ప్రపంచ పర్యావరణ దినం. ఇళ్లకి భోజనం చేరవేసే జొమాటో ఒక వీడియో ప్రకటన వదిలింది. 2001లో వచ్చిన హిందీ సినిమా లగాన్ మీలో కొందరు చూసివుంటారు. అందులో కచరా అనే అంటరాని మనిషి పాత్ర వుంది. కచరా అంటే చెత్త. ఆ పాత్ర వేసిన నటుణ్ణే తీసుకొచ్చి ఈ ప్రకటనలో దీపంగా, కాగితంగా, ఇంకా రకరకాల వస్తువులుగా చూపించారు. చెత్త నుంచి తయారైన వస్తువులన్నమాట. కంపెనీ వాళ్లకి అది చమత్కారం. మనకి? ఈ దేశంలో చెత్త ఎత్తేదెవరు, ఆ చెత్త పేరే ఎవరికి అంటగట్టారు అనేది తెలిసిన ఎవరికైనా అది కడుపు మండించే దృశ్యం. తాను దళితుణ్ణని బాహాటంగా చెప్పుకున్న సినిమా దర్శకుడు నీరజ్ ఘైవాన్ ఇది కులతత్వపు ప్రకటన అని ట్విట్టర్లో నిలదీశాడు. చాలామంది అందుకున్నారు. వారం తిరక్కుండానే కంపెనీ ఆ వీడియో తీసేసింది. జాతీయ షెడ్యూల్డ్ కులాల కమిషన్ నోటీసు కూడా ఇచ్చింది.

కంపెనీ ఇచ్చిన వివరణ చూడండి. ఉద్దేశం లేకుండానే కొన్ని వర్గాల మనసు నొప్పించి వుండొచ్చు అని దాని సారాంశం. మేం బడి పంతుళ్లం కాబట్టి వాక్యంలో క్రియ ఎట్లా వుందో చూస్తాం. నొప్పించాం అని లేదు. నొప్పించి వుండొచ్చు అని వుంది. దోషం వాళ్లు చేసిన పనిలో లేదట, మన మనసులో వుందట.

ఇక రెండోది. 2024 మార్చి 19న అదే కంపెనీ శాకాహారుల కోసం విడిగా ఒక డెలివరీ దండు పెడుతున్నామని ప్రకటించింది. శుద్ధ శాకాహార హోటళ్ల నుంచే వాళ్లు తెస్తారు. మిగతావాళ్లకి ఎర్ర చొక్కా, ఎర్ర పెట్టె. వీళ్లకి ఆకుపచ్చ చొక్కా, ఆకుపచ్చ పెట్టె. అర్థమైందా తమ్ముళ్లూ? ఊరి చివర వాడని చూసి కులం పోల్చినట్టు, ఇక చొక్కా రంగు చూసి గేటు దగ్గరే పోల్చుకోవచ్చు. ఎర్ర చొక్కా మా అపార్టుమెంట్లోకి రావొద్దు, ఎర్ర పెట్టె మా లిఫ్టు ఎక్కొద్దు అనడానికి ఎంతసేపు? ఈ ప్రశ్నే జనం ఫోన్లలో అడిగారు. మర్నాడే, మార్చి 20న, అప్పటి కంపెనీ ముఖ్య అధికారి దీపిందర్ గోయల్ వెనక్కి తగ్గాడు. అందరికీ ఎర్ర చొక్కాయే వుంటుందన్నాడు. రంగు వల్ల తమ డెలివరీ మనుషులకి ఇబ్బంది రావొచ్చని ఒప్పుకున్నాడు.

ఒక్క రోజు! కలెక్టరాఫీసు ముందు నెలల తరబడి టెంటు వేసుకుని కూర్చున్నా ఒక శ్మశానం దారి తేలని దేశంలో, ఒక్క రోజులో ఒక పెద్ద కంపెనీ మాట మార్చుకుంది. ఇది చిన్న విషయం కాదు. మన యువకులు దీన్ని చూసి ఉత్సాహపడటంలో తప్పేం లేదు.

కానీ అదే ప్రకటనలో రెండో సగం వుంది. శాకాహారుల కోసం విడి దండు మాత్రం కొనసాగుతుందని అందులోనే రాశాడు. చొక్కా రంగు దిగింది, విడి దండు దిగలేదు. మైల భావం వీధిలో కనపడకుండా యాప్ లోపలికి వెళ్లిపోయింది. కంపెనీకి కనపడటంతోనే ఇబ్బంది. కనపడకపోతే దానికి ఇబ్బంది లేదు.

ఇట్లాంటి మార్పులు ఇంకా వున్నాయి. 1975 నుంచి మన ఆడపిల్లల్ని నలుపు అని కించపరిచి సొమ్ము చేసుకున్న క్రీము ఫెయిర్ అండ్ లవ్లీ. 2020 మేలో అమెరికాలో జార్జ్ ఫ్లాయిడ్ ని పోలీసు మోకాలితో మెడ నొక్కి చంపాక, నల్లజాతి జనం లేచాక, ఆ వేడి ఇక్కడికీ తగిలింది. జూన్ 25న హిందుస్తాన్ యూనిలీవర్ ఫెయిర్ అనే మాట తీసేస్తామంది. జులైలో గ్లో అండ్ లవ్లీ అయింది. పేరు మారింది, ట్యూబు కొట్లోనే వుంది.

ఆ జూన్ లోనే షాదీ డాట్ కామ్ అనే పెళ్లిసంబంధాల సంస్థ, అమెరికాలో వుండే మనదేశపు ఆడవాళ్లు సంతకాలు సేకరించి అడిగితే, ఒంటిరంగుని బట్టి సంబంధాలు వెతుక్కునే గడి తీసేసింది. మంచిదే. అయితే ఆ గడి పక్కనే వున్న కులం గడి ఎందుకు తీయలేదు? ఎవరూ అడగలేదు కాబట్టి. రంగు గురించి అడిగినవాళ్లకి రంగు బాధ తెలుసు. కులం గడి వాళ్లకి బాధ కాదు, సౌకర్యం. కొనుగోలుదారుడి కోపం కొనుగోలుదారుడి కులం దాటి పోదు. ఈ మాట రాసుకోండి.

దీనికి ఇంకో రుజువు 2018 నవంబరులో జరిగింది. ట్విట్టర్ అప్పటి అధిపతి జాక్ డోర్సీ మనదేశం వచ్చి కొందరు స్త్రీలతో మాట్లాడాడు. దళిత కార్యకర్త సంఘపాలి అరుణ అతనికి ఒక పోస్టరు ఇచ్చింది. బ్రాహ్మణీయ పితృస్వామ్యాన్ని ధ్వంసం చేయండి అని దాని మీద వుంది. ఆ పోస్టరు పట్టుకుని దిగిన ఫోటో బయటికొచ్చింది. అంతే, అగ్రవర్ణాల ఫోన్లు మోగిపోయాయి. జొమాటోని వంచిన ఆయుధమే ట్విట్టర్ ని కూడా వంచింది. అది తమ కంపెనీ అభిప్రాయం కాదని, క్షమించమని ఆ సంస్థ న్యాయ విభాగం అధిపతి విజయ గద్దె రాసింది. 2020 అక్టోబరులో తనిష్క్ నగల కంపెనీ, ముస్లిం అత్తగారు హిందూ కోడలికి సీమంతం చేసే ప్రకటన వేసి, కేకలకి భయపడి తీసేసింది. అంటే ఏమిటి? కంపెనీకి న్యాయం, అన్యాయం అని రెండు చెవులు లేవు. ఒకటే చెవి. ఎక్కువ కొనేవాళ్ల కేక ఎటు నుంచి వస్తే అటు తిరుగుతుంది. డబ్బూ, ఇంగ్లీషూ, తీరికా ఎవరి దగ్గర ఎక్కువున్నాయో వాళ్ల కేకే పెద్దగా వినపడుతుంది. ఫోను అందరి చేతిలో వుంది కాబట్టి అందరూ సమానం అని ఎవరైనా చెబితే, ఓటు అందరికీ వుంది కాబట్టి ఊళ్లో అందరూ సమానమే అన్న పెత్తందారు గుర్తుకు రావాలి.

మరి ఫోను పనికిరాదా? పనికొస్తుంది. ఎప్పుడు పనికొస్తుందో చెప్పే ఉదాహరణ తమిళనాడులోని కొడైకెనాల్ లో వుంది.

జ్వరం చూసే థర్మామీటర్ల ఫ్యాక్టరీని అమెరికా నుంచి 1980లలో అక్కడికి తెచ్చిపెట్టారు. తర్వాత అది హిందుస్తాన్ లీవర్ చేతికొచ్చింది. థర్మామీటర్లో వుండేది పాదరసం. విషం. కూలీలు ఆ గాలే పీల్చి, ఆ గుడ్డలతోనే ఇంటికెళ్లారు. 2001 మార్చిలో పాదరసం అంటిన గాజు పెంకులు గుట్టగా ఊళ్లోని పాత సామాను కొట్లో దొరికాయి. స్థానికులు, గ్రీన్ పీస్ సంస్థ బయటపెట్టారు. ఫ్యాక్టరీ మూతపడింది. జబ్బు పడ్డ కూలీలు సంఘం కట్టుకున్నారు. 2006లో మద్రాసు హైకోర్టుకి వెళ్లారు. పాదరసం వల్ల కూలీల ఆరోగ్యానికి హాని జరగలేదని కంపెనీ వాదన. ఏళ్లు గడిచాయి. కూలీలు కొండ ఎక్కారు, దిగారు, కోర్టు వరండాల్లో కూర్చున్నారు, కొందరు చచ్చిపోయారు.

2015 జులై చివర్లో చెన్నైకి చెందిన సోఫియా అష్రఫ్ అనే గాయని ఒక వీడియో పాట చేసింది. కూలీల పక్షాన పనిచేస్తున్నవాళ్లు దాన్ని జనంలోకి వదిలారు. కొద్ది రోజుల్లోనే లక్షల మంది చూశారు. యూనిలీవర్ అంతర్జాతీయ అధిపతి పాల్ పోల్మన్ స్వయంగా ట్విట్టర్లో జవాబు చెప్పుకోవాల్సి వచ్చింది. 2016 మార్చిలో 591 మంది మాజీ కూలీలతో కంపెనీ ఒప్పందం చేసుకుంది. తప్పు జరిగిందని మాత్రం ఒప్పుకోలేదు. ఎంత ఇచ్చిందీ బయటపెట్టలేదు. అయినా కూలీల చేతికి డబ్బు ముట్టింది.

తేడా గమనించారా? పాట లేకపోతే ప్రపంచం ఆ కొండ వైపు చూసేది కాదు. కానీ పదిహేనేళ్ల సంఘం లేకపోతే ఆ పాటలో చెప్పడానికి విషయమే వుండేది కాదు. బల్లకి ఇటు కూర్చుని సంతకం పెట్టడానికి మనుషులు వుండేవాళ్లు కాదు. కచరా ప్రకటన విషయంలో కంపెనీకి ఎదురుగా బల్ల దగ్గర ఎవరు కూర్చున్నారు? ఎవరూ లేరు. అందుకే వీడియో తీసేసి చేతులు దులుపుకుంది. మా మాట సారం ఇదే. ఒట్టి కేక కంపెనీ ముఖాన్ని మారుస్తుంది. కేక వెనక సంఘం వుంటేనే కంపెనీ చేయి జేబులోకి వెళ్తుంది.

హైదరాబాద్ లో 2022లో ఏం జరిగిందో చూడండి. ముస్లిం మనిషితో తిండి పంపొద్దని ఒక కొనుగోలుదారు స్విగ్గీ యాప్ లోనే రాశాడు. దాన్ని ఫోటో తీసి బయటపెట్టి, దీని మీద మీ వైఖరేంటో చెప్పండని కంపెనీని అడిగింది తెలంగాణ గిగ్ కార్మికుల సంఘం నాయకుడు షేక్ సలావుద్దీన్. కొనుగోలుదారే దేవుడనే చోట, ఆ దేవుడి వివక్షని ప్రశ్నించడం కార్మిక సంఘానికే సాధ్యమైంది. కంపెనీ తన గిరాకీని తాను తిట్టుకోదు కదా.

ఇట్లాంటి పనుల్లో దేశంలో 2020-21 నాటికి 77 లక్షల మంది వున్నారని, 2029-30కి 2 కోట్ల 35 లక్షలవుతారని నీతి ఆయోగ్ 2022లో లెక్క చెప్పింది. వీళ్లని కంపెనీ కార్మికులు అనదు, భాగస్వాములు అంటుంది. మన తాతల్ని ఆసామి మా ఇంటి మనిషే అన్నట్టు. ఇంటి మనిషికి వాటా వుండదు, కూలీ వుండదు. వీళ్ల కోసం 2023లో రాజస్థాన్, 2025లో కర్ణాటక చట్టాలు చేశాయి. తెలంగాణ 2025 ఏప్రిల్ లో ముసాయిదా పెట్టింది. దేశం మొత్తానికి సామాజిక భద్రతా కోడ్ 2025 నవంబరు 21 నుంచి అమల్లోకి వచ్చింది. ఇట్లాంటి కంపెనీలు తమ టర్నోవరులో ఒకటి నుంచి రెండు శాతం ఈ కార్మికుల భద్రతకి కట్టాలని దానిలో వుంది. ఇవి హేష్ ట్యాగుల వల్ల మాత్రమే రాలేదు. లాగవుట్ చేసి రోడ్డు మీదికొచ్చిన పిల్లల వల్ల కూడా వచ్చాయి.

ఇక అసలు ప్రశ్నకి వద్దాం. కచరా ప్రకటన తయారయ్యేటప్పుడు ఎంతమంది చూసి వుంటారు? రాసినవాళ్లు, తీసినవాళ్లు, పైసలిచ్చినవాళ్లు. ఇది తప్పు అనే మాట విని ఆపే మనిషి ఆ గదిలో లేకపోయాడు. ఎందుకు లేకపోయాడో 2012లో ఎకనామిక్ అండ్ పొలిటికల్ వీక్లీలో వచ్చిన ఒక అధ్యయనం చూస్తే తెలుస్తుంది. దేశంలో పెద్ద కంపెనీలు వెయ్యి తీసుకుని, వాటి డైరెక్టర్ల కులాలు లెక్కేశారు. నూటికి 92 మందికి పైగా అగ్రకులాలవాళ్లు. ఎస్సీ, ఎస్టీలు కలిపి నూటికి మూడున్నర. మనం తాగే నీళ్ల బాటిల్ నుంచి మన పిల్లల ఫీజు అప్పు దాకా తీర్మానించే గదులు ఆ వెయ్యి గదులు. ప్రైవేటు ఉద్యోగాల్లో రిజర్వేషన్లు లేవు. మేమే స్వచ్ఛందంగా చేస్తాం అని పరిశ్రమాధిపతుల సంఘాలు 2006 నుంచి చెబుతూనే వున్నాయి.

కంపెనీ బాధ్యత అంటే ఇప్పుడేం చూపిస్తున్నారు? 2013 కంపెనీల చట్టం ప్రకారం పెద్ద కంపెనీలు తమ లాభంలో రెండు శాతం సామాజిక పనులకి ఖర్చు పెట్టాలి. బడికి బెంచీలిస్తారు, మరుగుదొడ్డి కట్టిస్తారు, గోడ మీద కంపెనీ పేరు రాస్తారు. మేం వద్దనం. పిల్లలు కింద కూర్చునే కంటే బెంచీ మేలు. కానీ బెంచీ దానం. ఉద్యోగం వాటా. స్టాక్ మార్కెట్ లో నమోదైన మొదటి వెయ్యి కంపెనీలు 2022-23 నుంచి ఏటా బాధ్యత నివేదిక ఇవ్వాలని సెబీ నియమం పెట్టింది. అందులో ఉద్యోగుల్లో ఆడవాళ్లెందరు, మగవాళ్లెందరు, వికలాంగులెందరు అని గళ్లున్నాయి. కులం గడి లేదు. చూడండి విచిత్రం! పెళ్లిసంబంధాల సైటులో కులం గడి వుంది. ఉద్యోగాల లెక్కలో కులం గడి లేదు. తీసేయాల్సిన చోట వుంచారు, పెట్టాల్సిన చోట పెట్టలేదు.

కాబట్టి మనం చేయాల్సిన పనులు నాలుగు చెప్పి ముగిస్తాం.

ఒకటి. ఏ కంపెనీ అయినా మన మనిషిని కించపరిస్తే, ఫోన్లో తిట్టి వదిలేయొద్దు. తేదీతో సహా ఫోటో తీసి దాచండి. ఎస్సీ కమిషన్ కి రాతపూర్వకంగా ఫిర్యాదు పెట్టండి. పోస్టు మూడు రోజుల్లో కిందికి జారిపోతుంది. ఫైలు నంబరు జారిపోదు.

రెండు. ప్రకటన తీసేశాం అని కంపెనీ చెప్పిన రోజే రెండో ప్రశ్న వేయండి. తీసేశారు సరే, దాన్ని తయారుచేసిన గదిలో మావాళ్లు ఎందరు? ఇదే ప్రశ్న, ప్రతి కంపెనీకి, ప్రతిసారీ.

మూడు. కులం లెక్క అడగండి. ఆ వార్షిక నివేదికలో ఎస్సీ, ఎస్టీ, బీసీ ఉద్యోగుల సంఖ్య రాయాలని సెబీనీ, మన ఎంపీలనీ అడగండి. తెలుగులోనే అడగండి. ఇంగ్లీషు రాకపోతే గొంతు లేదనుకోవడం మానండి. ఈ రెండు తెలుగు రాష్ట్రాల్లో సరుకు అమ్ముకునే కంపెనీ, తన ప్రకటనలు తెలుగులోనే ఇస్తోంది. మన ప్రశ్న కూడా తెలుగులోనే వింటుంది.

నాలుగు. బండి మీద తిరిగే మన పిల్లల్ని సంఘంలో చేర్పించండి. ఇంటి తలుపు దగ్గరికి పెట్టె తెచ్చినవాడికి మంచినీళ్లు ఇవ్వండి, సంఘం వుందా అని అడగండి. కొనే చేయీ మోసే చేయీ కలిసిన రోజున కంపెనీ ఒట్టి చొక్కా రంగు మార్చి తప్పించుకోలేదు.

మన పెద్దలు అరుగు కింద నిలబడి సరుకు కొన్నారు. మనం అరుగెక్కి కొంటున్నాం. అది వాళ్ల పోరాట ఫలితం. కొట్టు లెక్కల పుస్తకం తెరిపించడం మన తరం పని. ఆ పుస్తకంలో మన వాటా ఎక్కడ రాశారో చూపించమని అడుగుదాం.

జై భీం.